ఎడమ చక్రం ఎవరికి కనపడింది?

మా వైపు మనుషులు దారి అడిగినవాణ్ణి ఉత్త చేతులతో పంపరు. తెలిస్తే చెబుతారు, తెలియకపోతే ఇంకా గట్టిగా చెబుతారు. కైరో నుంచి పోయే ఫయూమ్ రోడ్డు మీద ఆగి, విమానాలు నేర్పే బడి ఎక్కడని అడిగి చూడండి. పెట్రోలు బంకువాడు కుడికి చెయ్యి చూపిస్తాడు, పక్కనే ఉడికించిన చిక్కుడుగింజల ఫూల్ అమ్మే బండివాడు ఎడమకి చూపిస్తాడు, ఇద్దరూ అల్లా మీద ఒట్టు వేస్తారు. 'తెలియదు' అనడం మా దగ్గర ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లివ్వకుండా పంపెయ్యడం కిందే లెక్క. ఇలాంటి గాలి పీల్చి పెరిగిన ఆ బడి మెకానిక్ జెన్‌హుమ్ యాభై ఏడేళ్లు వచ్చేదాకా ఆ మాట నోట పలకలేదంటే తప్పంతా అతనిదే అనలేం.

అసలు అతనికి అన్నం పెట్టిందే ఆ పలకకపోవడం. పద్నాలుగో ఏట కైరోలో, ఇంబాబాలోని ఒక స్కూటర్ల షెడ్డుకు పనడగడానికి వెళ్లాడు. అక్కడి యజమాని "కార్బురేటర్ విప్పడం తెలుసురా?" అన్నాడు. కార్బురేటర్ అంటే తినేదో తొడుక్కునేదో కూడా ఎరగని జెన్‌హుమ్ "తెలుసు" అన్నాడు. విప్పాడు, కడిగాడు, మళ్లీ బిగించాడు. రెండు మరలు మిగిలాయి.

"ఇవేంట్రా?"

"అవి కంపెనీవాడు అనవసరంగా పెట్టినవి, ఉస్తా."

స్కూటరు మాత్రం నిక్షేపంగా నడిచింది. పని దొరికింది. స్కూటర్ల నుంచి టాక్సీలకు, టాక్సీల నుంచి పత్తి చేల మీద మందు చల్లే విమానాలకు, అక్కణ్ణుంచి ఈ బడికి వచ్చాడు. వచ్చి ఇరవై రెండేళ్లయింది. పని చేతిలో ఉన్నవాణ్ణి మా వాళ్లు 'ఉస్తా' అంటారు. ఆ పిలుపు అతనికి చొక్కాలాగా అంటుకుపోయింది. ఇంట్లో ఎవరేమడిగినా, చంద్రుడు ఎందుకు అరుగుతాడు, టమాటా ధర ఎందుకు పెరుగుతుంది, కూతురి లెక్కల పుస్తకంలో ఆ గీతలేమిటి, అన్నిటికీ జవాబు సిద్ధంగా ఉండేది. అతని భార్య ఇన్షిరాహ్ పిల్లలతో అనేది: "మీ నాన్నకు తెలియనిది లేదు. తెలిసిందీ లేదు."

రెండేళ్ల కిందట అతనికి లోకం మురికిపట్టినట్టు కనపడసాగింది. ముందు కిటికీ అద్దాలు కడిగాడు. తర్వాత ఇన్షిరాహ్ వంటింటి పొగను తిట్టాడు. దీపాలు మార్చాడు. ఆఖరికి ఒకరోజు తన బావమరిది అనుకుని వీధిలో ఒక పోలీసును కౌగలించుకున్నాక, మురికి అద్దాలకు కాదని అర్థమైంది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేస్తే గంటలో పోయే జబ్బే. కానీ కంటి ఆపరేషన్‌కి సెలవడిగితే కళ్లు పోతున్నాయని ఆఫీసుకు తెలుస్తుంది. తెలిస్తే విమానం కాగితాల మీద సంతకం పెట్టే హక్కు తీసేస్తారు. పింఛనుకు ఇంకా మూడేళ్లుంది. పైగా కంట్లో కత్తి పెడతారంటే అతనికి ఒళ్లు జలదరించేది, ఆ సంగతి మాత్రం ఇన్షిరాహ్‌కి కూడా చెప్పలేదు.

ఏటా ఒక డాక్టరు వచ్చి కళ్లు చూస్తాడు. గోడకు ఒక అట్ట తగిలిస్తాడు. దాని మీద వరసగా సున్నాలు, ప్రతి సున్నాకి ఒక పక్క మూతి తెరిచి ఉంటుంది. ఏ పక్క తెరిచి ఉందో చేత్తో చూపించాలి. ఆ వరస జెన్‌హుమ్ ముందే సంపాదించి కంఠతా పట్టాడు. కింద, కుడి, కుడి, పైన, ఎడమ. ఇన్షిరాహ్ పప్పులో రాళ్లేరుతూ ఒప్పజెప్పించుకునేది. కిందటేడు తొందరపడి, డాక్టరు ఇంకా సంచిలో అట్ట వెతుక్కుంటుండగానే, ఖాళీ గోడను చూసి చేతులు ఊపడం మొదలుపెట్టాడు. డాక్టరు తలెత్తి చూసేసరికి వరస పూర్తయింది.

"ఏం చేస్తున్నావ్ ఉస్తా?"

"భుజం నొప్పి డాక్టరుగారూ, కాస్త ఆడిస్తున్నా."

తర్వాత అట్ట తగిలించాక మళ్లీ ఒకసారి ఆడించాడు, పాసయ్యాడు.

పనంతా వేళ్లతోనే సాగేది. కళ్లు మూసుకుని మరలు తడిమే అతన్ని కుర్ర పైలట్లు ఫోన్లలో వీడియోలు తీసేవారు. ఉస్తా కళ్లు మూసుకుని కూడా ఇంజను విప్పగలడని చెప్పుకునేవారు. తెరిచినా పెద్ద తేడా లేదని వాళ్లకు తెలియదు.

బడిలో చక్రాలు కడుపులోకి ముడుచుకునే విమానం ఒక్కటే ఉంది. నలభై ఏళ్ల ముసలిది, దాన్ని అందరూ హజ్జమ్మ అంటారు. మార్చి నెలలో, ఎడారి నుంచి దుమ్ముగాలి మొదలైన వారం, హజ్జమ్మ ఎడమకాలి స్ప్రింగు మార్చాల్సి వచ్చింది. చక్రం కాలు కిందికి దిగాక ఒక కొక్కెం పడి దాన్ని బిగబట్టాలి. ఆ కొక్కేన్ని లాగి ఉంచేది ఈ వేలెడంత స్ప్రింగు. అది లేకపోతే కాలు దిగినట్టే ఉంటుంది, బరువు పడగానే మడుచుకుంటుంది. జెన్‌హుమ్ పొద్దున్నే దాన్ని తడిమి బిగించాడు. విమానాన్ని జాకీల మీద ఎత్తి కాళ్లు ఆడించాడు. మూడు కాళ్లూ పడితే లోపల మూడు ఆకుపచ్చ దీపాలు వెలగాలి. తొంగి చూశాడు. ఆకుపచ్చ మరకొకటి కనపడింది. మూడే అయ్యుంటాయనుకుని సంతకం పెట్టాడు.

అరగంట తర్వాత హజ్జమ్మ పైకి లేచింది. నడిపేది మన్సూరా నుంచి వచ్చిన షాహిందా, ఒక మందుల షాపాయన కూతురు, ఇరవై రెండేళ్లది. పక్కన నేర్పే కెప్టెన్ హిష్మత్. ఆయన ఒకప్పుడు పెద్ద విమానాలు నడిపినవాడు, మీసాలు ఇంకా ఆ విమానాల దర్జాలోనే ఉన్నాయి. మైదానం చుట్టూ తిరిగి, దిగడానికి చక్రాలు వదిలారు. దీపాలు రెండే వెలిగాయి. ఎడమది వెలగలేదు.

దీపమే మాడిందేమోనని హిష్మత్ దాని మీద వేలితో కొట్టాడు. తర్వాత పిడికిలితో కొట్టాడు. వెలుగుతున్నదాన్ని పీకి దీని చోట పెట్టి చూద్దామని ఒకటి పీకాడు. అది చేతిలోంచి జారి సీటు కిందికి దొర్లిపోయింది. ఇప్పుడు వెలిగే దీపం ఒక్కటే మిగిలింది.

"వగ్దీ!" అని రేడియోలో కేకపెట్టాడు. వగ్దీ టవరులో ఉండేవాడు. టవరంటే రెండంతస్తుల మేడ, మీద ఒక బాల్కనీ. "నా కింద చక్రాలెన్ని దిగాయో చూసి చెప్పు!"

"మూడు, కెప్టెన్!"

"ఒరేయ్, నేనింకా నీ మీదికి రానేలేదు కదరా!"

"ఎప్పుడూ మూడే కదా కెప్టెన్. ఇవాళ మాత్రం ఎందుకు తగ్గుతాయి?"

హజ్జమ్మ ఎత్తు తగ్గి మేడ పక్కనుంచి రొదపెడుతూ వెళ్లింది. ఈలోగా బాల్కనీ నిండిపోయింది. బడి నడిపే రిటైర్డ్ కల్నల్ షౌకత్, అందరూ మర్యాదకు 'పాషా' అనే పెద్దాయన, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. టీలు కాసే గాద్ బాబాయ్ ట్రేతో సహా వచ్చేశాడు. ఆకాశమంతా పసుపుపచ్చ దుమ్ము, వగ్దీ చేతిలో దుర్భిణీకి ఒక అద్దమే ఉంది. చూసిందంతా కలిపి రెండు సెకన్లు.

"మూడు, కెప్టెన్. అల్లా సాక్షిగా మూడు," అన్నాడు వగ్దీ.

కల్నల్ మైకు లాక్కున్నాడు. "వాడి మాట వినకు. రెండే. నేను యుద్ధంలో శత్రు విమానాల కాళ్లు లెక్కపెట్టినవాణ్ణి."

"నాలుగు!" అని వెనకనుంచి గాద్ అరిచాడు.

"నాలుగెక్కణ్ణుంచి వచ్చాయి బాబాయ్?"

"ఒకటి స్పేరేమో మరి. నాకేం తెలుసు, నేను టీ కాచుకునేవాణ్ణి. కానీ నాలుగు."

రేడియోలో హిష్మత్ నోట వచ్చిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. అవి అయ్యాక షాహిందా గొంతు వినపడింది, సన్నగా, కానీ వణక్కుండా. "ఉస్తా జెన్‌హుమ్‌ని పిలవండి. పొద్దున ఆయన సంతకం చూసే నేనిది ఎక్కాను. ఆయనేది చెబితే అదే."

జెన్‌హుమ్ షెడ్డులో ఉన్నాడు. రొద విన్నప్పుడే అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరో వచ్చి పిలిచేదాకా ఒక పానా తుడుస్తూ నిలబడ్డాడు, తర్వాత చూస్తే అది తుడిచి తుడిచి అద్దంలా మెరుస్తోంది. మెట్లు ఎక్కుతుంటే అందరూ తప్పుకుని దారిచ్చారు. పెళ్లికొడుకుకు కూడా మా దగ్గర అంత మర్యాద జరగదు.

"ఉస్తా వచ్చాడు కెప్టెన్, ఇక బెంగలేదు," అని వగ్దీ మైకు అతని చేతిలో పెట్టాడు.

హజ్జమ్మ రెండోసారి వచ్చింది. జెన్‌హుమ్ కళ్లు చికిలించాడు, పెద్దవి చేశాడు, ఒకటి మూసి ఒకటి తెరిచాడు. పసుపు దుమ్ములో ఏదో తెల్లగా, గాలికి ఎగిరిన చేతిరుమాలులా జారిపోయింది. దానికి కాళ్లున్నాయో లేవో, అది విమానమో కొంగో చెప్పడం అతనివల్ల కాలేదు.

"చెప్పండి ఉస్తా," అంది షాహిందా. "ఎడమది దిగిందా?"

'దిగింది' అనే మాట అతని నాలుక చివరి దాకా వచ్చి కూర్చుంది. నలభై మూడేళ్లుగా వచ్చే మాట, తోవ దానికి బాగా తెలుసు. అంటే సరిపోతుంది. వాళ్లు మామూలుగా దిగుతారు, బహుశా ఏమీ కాదు, గాద్ టీ ఇస్తాడు, మూడేళ్ల తర్వాత పింఛను. కానీ పొద్దున చూసిన ఆ ఆకుపచ్చ మరక అతని కళ్ల ముందుకొచ్చింది. ఇప్పుడు కూడా దాంట్లో దీపాలెన్నో అతను లెక్కపెట్టలేకపోయాడు. అతనికి కూతురుంది, షాహిందా ఈడుదే. మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నాకు తెలియదు," అన్నాడు.

వగ్దీ రేడియో చెడిపోయిందేమోనని దాని మీద చేత్తో కొట్టాడు.

"ఏంటీ?" అన్నాడు హిష్మత్.

"నాకు తెలియదు కెప్టెన్. నాకు కనపడదు. రెండేళ్లయింది కనపడక. పొద్దున దీపాలు కూడా సరిగ్గా చూడలేదు. ఇంకో మాట. కళ్లున్నవాడు చూసినా కాలు వేలాడుతున్నట్టు కనపడుతుందేమోగాని, లోపల కొక్కెం పడిందో లేదో ఇక్కణ్ణుంచి ఎవడికీ కనపడదు. ఎవడు పడిందన్నా అబద్ధమే."

అప్పుడు గాద్ ట్రే కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పాలంటే నేనూ చూడలేదు. దుమ్ము కళ్లల్లో కొట్టింది."

"నేను చూశాను," అన్నాడు వగ్దీ. "కానీ దుర్భిణీలో అద్దంలేని వైపు నుంచి."

అందరూ కల్నల్ వైపు తిరిగారు. కల్నల్ చాలాసేపు ఆకాశంలోకి చూశాడు. "యుద్ధంలో నేను వంటసామాను లెక్కలు చూసేవాణ్ణి," అన్నాడు.

"అల్హమ్దులిల్లా," అన్నాడు హిష్మత్. "గంట నుంచి ఇప్పటికి ఒక్క పనికొచ్చే మాట విన్నాను. సరే, ఎడమ కాలు లేదనుకునే దిగుతాం. మంటలార్పే బండి తీసుకురండి. దారిలో ఎవడూ నిలబడొద్దు, మరీ ముఖ్యంగా సలహాలిచ్చేవాళ్లు."

అరగంట పైనే చక్కర్లు కొట్టి పెట్రోలు తగలేశారు. తర్వాత షాహిందా తలుపు కొద్దిగా తెరిచి, విమానం ఒరిగితే అది బిగుసుకుపోకుండా సందులో తన బూటు పెట్టింది. ఇద్దరూ బెల్టులు బిగించుకున్నారు. నేల దగ్గర పడగానే ఇంజను ఆపేశారు, ముందు పంకా తిరగడం మానేసింది. హజ్జమ్మ చప్పుడు లేకుండా దిగింది. ముందు కుడి చక్రం తాకింది. హిష్మత్ ఎడమ రెక్కను లేపి పట్టుకుని, వేగం తగ్గేదాకా దాన్ని కిందికి రానివ్వలేదు. జెన్‌హుమ్‌కి ఇదేమీ కనపడలేదు. టైరు రాసుకునే చప్పుడు విని బాల్కనీ కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. ఆఖరికి రెక్క వాలింది, ఎడమ చక్రం నేలకు తాకింది, అలసిపోయిన ముసలమ్మ మోకాలు మడిచినట్టు మెల్లగా మడుచుకుపోయింది. విమానం రెక్క మీద ఒరిగి, బరబరా ఈడ్చుకుంటూ గిర్రున తిరిగి, గుడ్డెద్దు చేలో పడ్డట్టు గాద్ బాబాయ్ పుదీనా మడిలోకి పోయి ఆగింది.

నిప్పు రాలేదు. పుదీనా వాసన మాత్రం షెడ్డు దాకా వచ్చింది. హిష్మత్ బయటికొచ్చేసరికి మీసంలో రెండు ఆకులున్నాయి.

"ఇప్పుడు చెప్పు బాబాయ్, చక్రాలెన్ని?" అన్నాడు.

"రెండు కెప్టెన్. ఈసారి దగ్గరకొచ్చి చూశా," అని గాద్ తన పుదీనా వైపు చూసి ఏడుపుమొహం పెట్టాడు.

జెన్‌హుమ్ పరిగెత్తుకొచ్చాడు. దారిలో మంటలార్పే బండికి గుద్దుకున్నాడు, దానికి క్షమాపణ చెప్పాడు. "తల్లీ, ఎక్కడున్నావ్? ఉన్నావా?" అని అరుస్తూ వచ్చి షాహిందా భుజం తగిలాక ఆగాడు.

"ఉన్నాను ఉస్తా. ఒక బూటే పోయింది."

అతను అక్కడే పుదీనాలో కూలబడి ఏడ్చాడు. తర్వాత రెక్క కింద దూరి, మడిచిన కాలిని తడిమాడు. స్ప్రింగు చివర ఉండాల్సిన కంతలో లేదు, పక్క కంతలో ఉంది. అందుకే పొద్దున జాకీల మీద ఎలాగో పడ్డ కొక్కెం, పైన గాలి తోపుకి పడలేదు. అతని వేళ్లకు ఆ సంగతి వెంటనే తెలిసింది. ఆ తప్పు తనదేనని కూడా తెలిసింది.

మధ్యాహ్నం కల్నల్ గదిలో అందరూ చేరారు. కల్నల్ రెండు గంటలు కూర్చుని చక్కటి దస్తూరీతో ఒక నివేదిక రాశాడు. పౌరవిమానాల ఆఫీసు నుంచి మర్నాడు మనిషి వస్తాడు, కాగితం సిద్ధంగా ఉండాలి. దాన్ని జెన్‌హుమ్ ముందు పెట్టి కలం మూత తీసి ఇచ్చాడు.

"సంతకం పెట్టు. నీకూ మంచిది, బడికీ మంచిది. అంతా సర్దేశాను."

"చదివి వినిపించండి పాషా. నాకు కనపడదు కదా."

కల్నల్‌కి ఇది తట్టలేదు. కాగితం అందుకుని దగ్గాడు. "తొమ్మిదింబావుకి, దుమ్ముగాలిలో..." అని మొదలుపెట్టాడు. ఆ ముక్క బాగానే సాగింది. "ఎడమ చక్రం పూర్తిగా దిగి, కొక్కెం పడినట్టు టవరు మీదున్న అందరూ స్పష్టంగా..." దగ్గర గొంతు సగానికి పడిపోయింది. వగ్దీ సీలింగు ఫ్యాను వైపు చూశాడు. గాద్ గ్లాసులు సర్దసాగాడు, అవి సర్దే ఉన్నాయి. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో షాహిందా ఎదురుకుర్చీలో కూర్చుని కల్నల్ మొహంలోకే చూస్తోంది.

"కాస్త గట్టిగా పాషా," అన్నాడు జెన్‌హుమ్.

"...స్పష్టంగా చూశారు. విమానం నేల తాకిన తర్వాత అకస్మాత్తుగా వీచిన... వీచిన..." కల్నల్ ఆగిపోయాడు. చెమట తుడుచుకున్నాడు. "ఒరే జెన్‌హుమ్, ఇది చదవడానికి రాసింది కాదురా. సంతకం పెట్టడానికి రాసింది."

"అయితే నేను పెట్టలేను పాషా."

కల్నల్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. సొరుగులోంచి తెల్లకాగితం తీసి వగ్దీ ముందు పెట్టాడు. "రాయి. వీడు చెబుతాడు."

జెన్‌హుమ్ నాలుగే వాక్యాలు చెప్పాడు. స్ప్రింగు తప్పు కంతలో బిగించింది తను. దీపాలు మూడూ వెలిగాయో లేదో చూడకుండా సంతకం పెట్టింది తను. రెండేళ్లుగా కళ్లు కనపడని సంగతి దాచింది తను. టవరు మీద చక్రం సరిగ్గా చూసినవాళ్లు ఎవరూ లేరు.

"రేపటి నుంచి నీ సంతకం చెల్లదు, తెలుసా?" అన్నాడు కల్నల్.

"తెలుసు పాషా."

షాహిందా కుర్చీ ముందుకు జరుపుకుంది. "నేను మీ పేరు చూసి ఎక్కాను ఉస్తా," అంది. "ఆ 'తెలియదు' అనే మాటేదో పొద్దున్నే అనాల్సింది."

అతను తల వంచుకున్నాడు. వగ్దీ కాగితాన్ని అతని ముందుకు తోశాడు. జెన్‌హుమ్ కలం పట్టుకుని, సంతకం పెట్టే గీత ఎక్కడుందో తెలియక, తెల్లకాగితం మీద అటూ ఇటూ తిప్పాడు. అడగడానికి నోరు తెరిచాడు.

షాహిందా కుర్చీలోంచి లేచి కుంటుతూ వచ్చింది. ఇంకా కోపంగానే ఉంది. అతని చూపుడువేలు పట్టుకుని గీత మీద పెట్టింది.

"ఇక్కడ ఉస్తా," అంది.